బంగాళాదుంప పుట్టింటి ప్రయాణం

కొత్తవలస రైలు గేటు దాటగానే ఎడమచేతి వైపు రేకుల షెడ్డులో అప్పలకొండ బోండాల కొట్టు ఉండేది. కొట్టు వెనకే ఇల్లు. ఇంట్లో నలుగురు. అప్పలకొండ, అతని పెళ్ళాం ఎర్నమ్మ, తమ్ముడు గవరయ్య, తల్లి దాలమ్మ. నలుగురికి నలుగురూ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు గానీ, రోజూ పొద్దున్నే పిండి కలిపేటప్పుడు వాళ్ళే ఒకరితో ఒకరు చెప్పుకునేవారు.

"మనకున్న తెలివి ఇంకొకళ్ళకుంటే ఊరంతా తెలిసిపోయేది," అనేది దాలమ్మ.

"మనం కాబట్టి ఎవరికీ కనపడకుండా దాచాం," అనేవాడు అప్పలకొండ.

ఒకసారి లారీ డ్రైవరొకడు హడావిడిగా వచ్చి, "తమ్ముడూ, రెండు బోండాలు ఇలా పడెయ్," అన్నాడు. అంతే. గవరయ్య రెండు బోండాలు తీసి వాడి కాళ్ళ దగ్గర నేలమీద పడేశాడు. డ్రైవరు నోరు తెరిచి, "మరి చట్నీ?" అన్నాడు. "చట్నీ పడెయ్యమని మీరు అనలేదు కదండీ," అన్నాడు గవరయ్య. అన్న మాటకి అక్షరం తేడా రాకుండా పని చేశాడని ఆ పూట దాలమ్మ కొడుక్కి దిష్టి తీసింది.

అలాంటి కొట్టుకి ఒక సాయంత్రం ప్రమీల టీచరమ్మ వచ్చింది. ఆవిడ గేటవతల హైస్కూల్లో సైన్సు చెబుతుంది. బోండా తుంచి, లోపలి కూర చూసి, "అప్పలకొండా, ఈ బంగాళాదుంప పుట్టిల్లు ఎక్కడో తెలుసా?" అంది.

"తెలీకేటండి? బంగాళా అని పేర్లోనే ఉంది కదా. హౌరా రైలెక్కితే దిగబెట్టేస్తాది."

"అక్కడికి కూడా ఇంకో చోటినించి వచ్చింది. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో, పెద్ద పెద్ద కొండల్లో ఉంది."

"ఏ దేశమండి? పేరు?"

"పెరూ."

"అదేనండి. పేరే అడుగుతున్నాను."

"చెప్పాను కదయ్యా, పెరూ."

"ఆఁ, చెప్పండి మరి."

ఎర్నమ్మ మొగుడి మోచెయ్యి గిల్లింది. "ఆవిడకి తెలీదు కాబోలు. నలుగురిలో అడిగి సిగ్గు తీయకు."

టీచరమ్మ బోండా కట్టిన కాగితం మీదే పెన్నుతో రాసి చూపించి వెళ్ళిపోయింది. గవరయ్య కూడబలుక్కుని చదివి, "పాపం, ఆ దేశానికి పేరు పెట్టడం మర్చిపోయారన్నియ్యా. 'పేరు' అని రాసి ఖాళీ వదిలేశారు. అందులోనూ దీర్ఘం తప్పు," అన్నాడు.

ఎర్నమ్మ మాత్రం 'పుట్టిల్లు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయల వల్ల కాదు.

"మావా, మనింటికొచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఉడకబెట్టాం, తొక్క తీశాం, నలిపాం, నూనెలో వేశాం. ఒక్క మాట అన్నాదా? ఒక్కసారైనా పుట్టింటికి తీసుకెళ్ళామా? నన్నైతే ఏడాదికి రెండుసార్లు పంపుతావే!"

అప్పలకొండ మూలనున్న గోనెసంచి వైపు చూశాడు. సంచి మూతిలోంచి నాలుగు దుంపలు మాట్లాడకుండా అతని వంకే చూస్తున్నాయి.  చెల్లెలి పెళ్ళి చేసింది ఈ దుంపే. తండ్రి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇల్లు నడిపింది ఈ దుంపే. ఆ పూట అతనికి ముద్ద దిగలేదు.

"తీసుకెళ్దాం," అన్నాడు. "నాలుగు రోజులు. పుట్టింట్లో అంతకన్నా ఉంటే అలుసైపోతుంది."

ఇంకేముంది! పెందుర్తి రోడ్డులో తండ్రి వదిలిన చిన్న స్థలం అమ్మేశారు. సంచి అంతా వెదికి, మచ్చ లేని నున్నటి దుంప ఒకటి ఎంచారు. దాలమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నలుగురూ, దుంపా కలిసి విశాఖపట్నం బస్సెక్కారు.

బస్‌స్టాండు ఎదురుగా మేడ మీద ప్రకాశరావు అనే ఆయన విదేశీ ప్రయాణాల ఆఫీసు నడుపుతాడు. ఓపిక గలవాడు. వీళ్ళు చెప్పిందంతా విని, టీచరమ్మ రాసిన కాగితం చూసి, పెరూ అనేంతవరకే అర్థం చేసుకుని, మిగతాది తను సరిగా వినలేదేమో అనుకున్నాడు.

"ఇవిగో ఫారాలు. ఇంటికి తీసుకెళ్ళి నింపుకుని రండి. ఎక్కడా ఖాళీ వదలకూడదు. కింద సంతకాలు పెట్టాలి. ఒక్కొక్కరివి రెండేసి ఫోటోలు కావాలి. ముఖం పూర్తిగా కనపడాలి," అన్నాడు.

"అయిదు ఫారాలివ్వండి బాబూ," అంది దాలమ్మ.

కిందికి దిగి ఫోటో స్టూడియోకి వెళ్ళారు. నలుగురికీ తీశాక అప్పలకొండ దుంపని స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఫోటో తీసేవాడు కెమెరాలోంచి చూసి, చూసి, "దీని ముఖం ఎటుందండీ?" అన్నాడు.

"కళ్ళున్న వైపే ముఖం," అంది ఎర్నమ్మ.

"చుట్టూతా కళ్ళేనమ్మా."

"అయితే చుట్టూతా తియ్యి. పూర్తిగా కనపడాలన్నారు."

ఇంటికొచ్చాక ఫారాలు చాప మీద పరిచి చుట్టూ కూర్చున్నారు. అప్పలకొండ ఒక ఫారం అటూ ఇటూ తిప్పాడు. "నింపమన్నాడు. దేంతో నింపాలో చెప్పలేదు."

"మనకి చెప్పాలేటి?" అన్నాడు గవరయ్య. "మనం ముప్ఫై ఏళ్ళుగా నింపుతున్నది దేంతో?"

అంతే. నాలుగు కిలోల దుంపలు ఉడికాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, పసుపు పడ్డాయి. ఎర్నమ్మ ఆవాలు వేసి తాలింపు పెట్టింది. ఫారం మీద ఈ అంచు నించి ఆ అంచు దాకా, ఎక్కడా ఖాళీ లేకుండా కూర పరిచి, మసాలా దోసెలా మడిచింది.

"కింద సంతకం," అని గుర్తుచేసింది దాలమ్మ.

ఫారాలన్నీ కుర్చీ మీద పెట్టారు. ఒక్కొక్కరే కుర్చీ కిందికి పాకి, నేలకి పరిచిన నాపరాయి మీద బొగ్గుతో సంతకం పెట్టి బయటికొచ్చారు. దాలమ్మ వేలిముద్ర వేసింది. అప్పుడు అప్పలకొండకి అసలు చిక్కు తట్టింది. సంతకం కొత్తవలసలో ఉంటే ఫారం విశాఖపట్నం ఎలా వెళుతుంది? తన తెలివికి తనకే భయమేసింది. ఇంకేముంది, గవరయ్య గునపం తెచ్చి నాపరాయి పెకలించాడు. మర్నాడు ఫారాలు ఎర్నమ్మ ఒళ్ళో, నాపరాయి గవరయ్య నెత్తిన పెట్టుకుని బస్సెక్కారు.

ప్రకాశరావు పొట్లం విప్పాడు.

"ఏంటివి?"

"ఫారాలండి. నింపాం. ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి."

"ఈ రాయేంటి?"

"సంతకాలండి."

ఆయన చాలాసేపు కిటికీలోంచి బస్‌స్టాండు వైపు చూశాడు. తరవాత మధ్యాహ్నం భోజనం చెయ్యలేదని గుర్తొచ్చింది. తాలింపు వాసన ఒకటే గుప్పుమంటోంది. దాలమ్మగారి ఫారం సగందాకా తిన్నాడు. తిన్నాక కొంచెం మెత్తబడి, కొత్త ఫారాలు తీసి తనే రాసి, వాళ్ళ చేత కాగితం మీద సంతకాలు పెట్టించాడు. నాలుగయ్యాక కలం మూశాడు.

"అయిదోది?" అన్నాడు అప్పలకొండ, దుంపని బల్ల మీద పెట్టి.

"దుంపకి పాస్‌పోర్టు ఇవ్వరండీ. అసలు పచ్చి దుంపల్ని ఆ దేశంలోకి రానివ్వరు."

అప్పలకొండ ముఖం వాడిపోయింది. "పుట్టింటికేనండి. సొంత పుట్టింటికి."

"ఎవరైనా సరే, రానివ్వరు."

తిరిగి బస్సెక్కారు. సింహాచలం మలుపు దాటాక ఎర్నమ్మ, "ఏదో మాట పట్టింపు వచ్చుంటుంది. వదినగారు గట్టిదేమో," అంది. "ముందు మనం వెళ్ళి పెద్దమనుషుల్లా మాట్లాడదాం. సారె ఇచ్చి మంచి చేసుకుందాం. తరవాత దీన్ని తీసుకెళ్దాం." అప్పలకొండకి ప్రాణం లేచొచ్చింది. దుంపని ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా నిమురుతూనే ఉన్నాడు.

పదిరోజులకి పాస్‌పోర్టు విచారణ కోసం కానిస్టేబులు వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, టీ తాగి, కాగితం తీశాడు.

"మీ మీద కేసులేమైనా ఉన్నాయా?"

"రెండున్నాయండి," అన్నాడు అప్పలకొండ.

కానిస్టేబులు గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పటినించి?"

"వేసంకాలం నించండి. అప్పుడు ఆరుండేవి. వేడికి నాలుగు చెల్లిపోయాయి."

"వేడికి కేసు చెల్లిపోవడమేంటి? ఎవరు పెట్టారు?"

"మా గవరయ్యేనండి. వాడికే నిచ్చెన అందుతుంది."

"సొంత తమ్ముడే పెట్టాడా! ఏ కేసులు?"

"ఒకటి సోడా, ఒకటి నిమ్మకాయ కూల్‌డ్రింకు. మా మీద అంటే, ఇదిగో, సరిగ్గా మీరు కూర్చున్నచోటికి మీదనే, అటక మీద."

తల ఎత్తి చూస్తే సీసాల డబ్బాలు రెండు! కానిస్టేబులు నవ్వాపుకోలేక రాయాల్సింది రాసుకుని, ఒక నిమ్మకాయది తాగి వెళ్ళాడు. "చూశారా, ఒక కేసులో కొంత కొట్టేసి వెళ్ళాడు. నిజం చెబితే పోలీసులు ఎంత మంచిగా ఉంటారో," అంది దాలమ్మ.

పాస్‌పోర్టులు వచ్చాయి. అనుమతులు వచ్చాయి. టిక్కెట్లు తీసుకునే ముందు ప్రకాశరావు ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పాడు. "చాలా ఎత్తైన దేశమండీ. గాలి బాగా పలచగా ఉంటుంది. అలవాటు లేనివాళ్ళకి తల తిరుగుతుంది. పెద్దావిణ్ణి చూసుకోండి."

అప్పలకొండ ఫోన్ పెట్టేసి ఇంటిల్లిపాదినీ పిలిచాడు. ముందు తల సంగతి తేలింది. తల తిరక్కుండా ఉండాలంటే మెడ కదలకూడదు. చపాతీ కర్రలు, గరిటెలు మెడకి అటొకటి ఇటొకటి పెట్టి తువ్వాళ్ళతో బిగించి కట్టుకున్నారు. దాలమ్మకి పెద్ద అట్లకాడ సరిపోయింది. ఇక ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా గిర్రున తిరిగి చూడాల్సిందే. "తల తిరగలేదు, చూడండి," అనుకుంటూ తిరిగారు.

"మరి గాలి?" అన్నాడు గవరయ్య. "పలచగా ఉంటుందంట."

"పిండి పలచనైతే ఏం చేస్తాం?" అన్నాడు అప్పలకొండ.

"ఇంకాస్త శనగపిండి వేస్తాం."

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న విషయం ఆ దేశం వాళ్ళకి ఇన్నాళ్ళూ తట్టలేదంటే జాలేసింది.

అక్కడికి వెళ్ళి తడబడకుండా ఇక్కడే ఒకసారి చేసి చూసుకోవాలి కదా. కొట్టులో రెండు బల్లఫాన్లు పెట్టారు. గవరయ్య పదికిలోల శనగపిండి బస్తా విప్పి ఫాను ముందు గుమ్మరించాడు. అంతే! పిండి లేచింది. కొట్టు నిండింది. రేకుల సందుల్లోంచి బయటపడి రోడ్డెక్కింది. బోండాలు తింటున్నవాళ్ళు తుమ్ముతూ పరుగెత్తారు. ఒక ముసలాయన తుమ్ముకి చట్నీ గిన్నె ఎగిరిపోయింది.

"చిక్కబడిందా?" అని అరిచాడు గవరయ్య పచ్చటి మబ్బులోంచి.

"చిక్కబడింది, ఊపిరి ఆడటం లేదు!" అని ఆనందంగా అరిచాడు అప్పలకొండ.

దూరం నించి చూసినవాళ్ళెవరో కొట్టు కాలిపోతోందనుకుని కబురు చేశారు. గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చింది. వాళ్ళు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా గొట్టం తిప్పారు. శనగపిండి మీద నీళ్ళు పడితే ఏమవుతుందో బోండాలు వేసేవాళ్ళకి వేరే చెప్పాలా? గోడలు, బల్లలు, ఫాన్లు, మనుషులు, అన్నిటికీ జారుడు పిండి పట్టేసింది. నలుగురూ మెడకి గరిటెలతో, నెత్తి నించి కాళ్ళదాకా పిండితో, కళ్ళు మాత్రం మెరుస్తూ బయటికొచ్చారు.

ఫైరింజను పెద్దాయన, "మీకేమీ కాలేదు కదా?" అన్నాడు.

"లేదండి, ఇంకా నూనెలో వెయ్యలేదు," అన్నాడు గవరయ్య.

ఆ రోజు పిండి కడుక్కుంటూ అప్పలకొండకి లోపల్లోపల కొంచెం బెంగ పట్టింది. కొట్టు పాడైంది. స్థలం పోయింది. కానీ గూట్లో బొట్టు పెట్టుకుని కూర్చున్న దుంపని చూశాడు. దానికి నెత్తి మీద చిన్న మొలక వచ్చింది. "పుట్టిల్లు అనేసరికి ప్రాణం లేచొచ్చింది దీనికి," అని ఎర్నమ్మని పిలిచి చూపించాడు. బెంగ పోయింది.

శుక్రవారం టిక్కెట్లు వచ్చాయి. ప్రకాశరావు నాలుగు కాగితాలు చేతికిచ్చి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"జాగ్రత్తగా వినండి. ఇవి రానూ పోనూ టిక్కెట్లు. బుధవారం పొద్దున్న బయలుదేరే విమానం. ఆపై బుధవారం ఇక్కడికి చేరేలా తిరుగు విమానం. వీటిల్లో మార్పు ఉండదు. ఒక్క అక్షరం మార్చినా డబ్బు మొత్తం పోతుంది."

"అక్షరం మార్చమండి," అని అప్పలకొండ చెయ్యి గుండె మీద పెట్టుకుని మాటిచ్చాడు.

బుధవారం తెల్లారింది. చలిమిడి, అరిసెలు, చీర, పసుపు కుంకుమలు, సారె సామానంతా సర్దారు. ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. గవరయ్య పెట్టె ఎత్తబోయాడు. అప్పుడు అప్పలకొండ, "ఆగు," అన్నాడు. అతని ముఖం తెల్లబోయింది.

"ఏటయింది మావా?"

"కొంప మునిగేది ఇప్పుడు! ఇవేం టిక్కెట్లన్నాడు?"

"రానూ పోనూ టిక్కెట్లు."

"రానూ అంటే?"

"రాను అని," అంది ఎర్నమ్మ.

"పోనూ అంటే?"

"పోను అని."

"ఒక్క అక్షరం మార్చకూడదన్నాడు. మరి మీరు పెట్టె ఎత్తుతున్నారేటి?"

గవరయ్య పెట్టె ఎంత గబుక్కున వదిలాడంటే అది దాలమ్మ కాలి మీద పడింది. అయినా ఆవిడ కాలు పట్టుకుని, "అమ్మో, పెద్దోడు చూడబట్టి బతికిపోయాం," అంది. ఆటోవాడిని పంపేశారు.

గవరయ్యకి ఒక్కటే అనుమానం మిగిలింది. "పోనప్పుడు టిక్కెట్టెందుకన్నియ్యా?"

"టిక్కెట్టు లేకపోతే ఊరికే పోనివాళ్ళం. అలాంటివాళ్ళు ఊరినిండా ఉన్నారు. మనం టిక్కెట్టు పెట్టుకుని పోనివాళ్ళం," అన్నాడు అప్పలకొండ. ఆ మాటకి నలుగురూ కాసేపు గర్వంగా నిలబడ్డారు. తరవాత సారె విప్పుకుని అరిసెలు తిన్నారు. కొట్టు మాత్రం తెరవలేదు. పెరూ వెళ్ళే వారంలో బోండాలు వేస్తే జనం ఏమనుకుంటారు?

వారం గడిచింది. మళ్ళీ బుధవారం వచ్చింది. దాలమ్మ పొద్దున్నే టిక్కెట్లు తెచ్చి, "ఒరే, ఇవాళ్టికి ఇందులో ఏం రాసుందో చదవరా," అంది.

గవరయ్య కూడబలుక్కుని చదివాడు. "విశాఖపట్నం రాక, నాలుగు గంటల పది నిమిషాలు. ప్రయాణికులు... అప్పలకొండ, ఎర్నమ్మ, గవరయ్య, దాలమ్మ."

"ఓలమ్మా!" అంది ఎర్నమ్మ. "ఇవాళ మనమొచ్చేస్తున్నామా! ఇంట్లో కూరగాయ ముక్క లేదు!"

ఇంకేముంది, ఇల్లంతా కలియబెట్టినట్టయింది. ఎర్నమ్మ ఎనిమిది మందికి వండింది. గవరయ్య నాలుగు బంతిపూల దండలు కొన్నాడు. అంత దూరం నించి అలిసిపోయి వస్తుంటే ఎదురెళ్ళకపోతే ఏం బాగుంటుందని, రెండు ఆటోలు మాట్లాడుకుని విమానాశ్రయానికి వెళ్ళారు. ఒక ఆటో వెళ్ళడానికి, ఇంకోటి ఖాళీగా, వచ్చేవాళ్ళ కోసం.

విమానం దిగింది. పెట్టెలు తోసుకుంటూ జనం వచ్చారు. అప్పలకొండ మునివేళ్ళ మీద లేచి ప్రతి ముఖమూ చూశాడు. లావాటి ఆయన, పిల్లల తల్లి, పెళ్ళికొడుకులా ఉన్నవాడు, ఆఖరికి విమానం ఊడ్చేవాళ్ళు కూడా వచ్చేశారు. తలుపు మూసుకుంది.

గుమ్మం దగ్గరున్న జవాను వచ్చి, "ఎవరికోసం చూస్తున్నారు?" అన్నాడు.

"మాకోసమేనండి."

"అంటే, ఎవరు రావాలి?"

"మేమే రావాలి. నలుగురం. ఇదిగో పేర్లు."

జవాను కాగితం తీసుకుని లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చాడు. "ఈ పేర్లున్నవాళ్ళు విమానమే ఎక్కలేదంటండీ."

ఎర్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాలమ్మ నేలమీద కూలబడింది. "పరాయి దేశంలో ఏమైపోయామో! వాళ్ళని ఒంటరిగా ఎందుకు పంపించావురా పెద్దోడా?"

"నేను పంపించలేదమ్మా, నేను కూడా వెళ్ళాను!" అన్నాడు అప్పలకొండ. చేతిలో దండతోనే కళ్ళు తుడుచుకున్నాడు. అయినా ఇంటికి పెద్ద కొడుకు తనే కాబట్టి తేరుకున్నాడు. "ఏడవకండి. అందులో నేనున్నాను. మిమ్మల్ని జాగ్రత్తగా చూసుకుంటాను. విమానం తప్పిపోయుంటుంది, రేపటిదానికి వచ్చేస్తాం."

దండలకి నీళ్ళు చల్లి, ఇంటికి తిరిగొచ్చారు. మర్నాడూ వెళ్ళారు. ఆ మర్నాడూ వెళ్ళారు.

ఆదివారం సాయంత్రం ప్రమీల టీచరమ్మ రైలు గేటు దాటి వచ్చింది. కొట్టు మూసి ఉంది. పక్కన అరుగు మీద నలుగురూ బుగ్గన చెయ్యి పెట్టుకుని, ఒళ్ళో వాడిన దండలతో, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఏం అప్పలకొండా, పదిరోజులై బోండాల్లేవు. కొట్టెప్పుడు తెరుస్తావు?"

అప్పలకొండ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"మీరేటీ అనుకోకండి టీచరమ్మగారూ. మేమింకా ఊర్నించి రాలేదండి. రాగానే మీ ఇంటికి కబురు చేస్తాను."